పారణ లేని ఉపవాసం

2025 మార్చిలో కేరళలోని కణ్ణూరు జిల్లాకు చెందిన 18 ఏళ్ళ అమ్మాయి ఒకరు నెలల తరబడి తిండి మానేసి, చివరికి ఆసుపత్రిలో కన్నుమూసిన వార్త మన పత్రికల్లోనూ వచ్చింది. సన్నబడాలన్న కోరికతో ఇంటర్నెట్‌లో చూసిన పద్ధతులను పాటించి ప్రాణం మీదికి తెచ్చుకుందన్నదే ఆ వార్త చదివినవారి నోళ్ళలో నానిన మాట. వైద్యులు అనొరెక్సియా నెర్వోసా అనే, తిండి మానేసి శుష్కించిపోయే జబ్బు పేరు చెప్పినా, ఆ పేరు ఎవరి మనసులోనూ నిలవలేదు. చదువుకున్న పిల్లకు ఆ మాత్రం బుద్ధి ఉండొద్దా అని కొందరు, తల్లిదండ్రులు ఏం చేస్తున్నారని కొందరు తీర్పులు చెప్పారు. ఆ తీర్పులు విన్నప్పటి నుంచి ఈ విషయం మీద తెలుగులో వివరంగా రాయాలని అనుకుంటున్నాను, ఎందుకంటే ఇదే జబ్బు మా ఇంటికీ వచ్చింది, మా పిల్ల దాని నుంచి బయటపడుతోంది.

తిండి మానేయడం, ఒక్కసారిగా అదుపు లేకుండా తినేయడం, తిన్నదాన్ని ఏదో ఒక విధంగా బయటికి పంపేయడం వంటివాటిని మనం మనుషుల గుణాలుగా లెక్క వేస్తాం. ఒకరిది పట్టుదల అంటాం, ఒకరిది నోరు కట్టుకోలేని బలహీనత అంటాం, మరొకరిది గారాబం అంటాం. వైద్యశాస్త్రం వీటిని జబ్బులుగా గుర్తించి చాలా కాలమైంది. 1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో చార్లెస్ లసేగ్ అనే వైద్యులు ఒకే ఏడాది, ఎవరికి వారుగా, తిండి మానేసి శుష్కించిపోతున్న యువతుల గురించి వివరించారు. అతిగా తిని, ఆ వెంటనే భయపడి దాన్ని వదిలించుకునే బులీమియా నెర్వోసాను 1979లో జెరాల్డ్ రసెల్ వేరే జబ్బుగా వర్ణించారు. వదిలించుకునే ప్రయత్నం లేకుండా, సిగ్గుతో, చాటుగా, కడుపు నొప్పి పుట్టేదాకా తినే స్థితికి అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన జబ్బుల పట్టికలో ప్రత్యేక స్థానం ఇచ్చింది. బరువు గురించిన బెంగ ఏమాత్రం లేకుండా, వాసనో రుచో పడకనో, గొంతుకు అడ్డం పడుతుందన్న భయంతోనో నాలుగైదు రకాల తిండికే కుదించుకుపోయే పిల్లల జబ్బు కూడా ఆ ఏడాదే ఆ పట్టికలోకి చేరింది. వీటి వెనుక వంశపారంపర్యంగా వచ్చే స్వభావం ఉంటుంది, ప్రతి పనీ లోపం లేకుండా చేయాలన్న తపన ఉంటుంది, ఆందోళన ఉంటుంది. ఇవన్నీ ఉన్న పిల్ల ఏ కారణంతో తిండి తగ్గించినా, ఆ తగ్గించడం నుంచే జబ్బు రాజుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. ఈ వ్యాసంలో ఏ రోగి ఎంత బరువుకు పడిపోయిందో, రోజుకు ఎంత తినేదో, ఏ ఉపాయంతో తిన్నదాన్ని వదిలించుకునేదో రాయను. ఈ జబ్బులో ఉన్నవారు అలాంటి అంకెలను పోటీ లెక్కలుగా చదువుతారు. భయపెట్టి మాన్పిద్దామని రాసిన వివరమే వాళ్ళకు దారి చూపిస్తుంది. పత్రికలవారు ఆత్మహత్యల గురించి రాసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తే ఇక్కడా అవసరం.

మా అక్క కూతురి విషయం ఆమె అనుమతితోనే రాస్తున్నాను, పేరు, ఊరు మాత్రం చెప్పను. ఇంటర్ మొదటి సంవత్సరంలో హాస్టల్లో ఉండగా మెస్ భోజనం పడక కొంత చిక్కింది. సంక్రాంతికి ఇంటికి వస్తే చూసినవాళ్ళందరూ బాగా నాజూగ్గా తయారయ్యావని మెచ్చుకున్నారు. ఆ తరువాత శనివారాలు ఒక్కపొద్దు మొదలుపెట్టింది, పరీక్షల కోసమంటే అమ్మమ్మ మురిసిపోయింది. శనివారానికి సోమవారం తోడైంది, ఆపైన గురువారం చేరింది. మిగిలిన రోజుల్లో కడుపు ఉబ్బరంగా ఉందనేది, రెండు ముద్దలకే నిండిపోయిందనేది.

దసరా సెలవుల్లో ఆమెను దగ్గర నుంచి చూశాను. గోదావరి జిల్లాలో అక్టోబరు ఉక్కపోతలో మేమందరం చెమటలు కక్కుతుంటే ఆమె పొడుగు చేతుల స్వెటరు వేసుకుని, ఫ్యాన్ ఆపేయమని బతిమాలేది. పండుగ వంటంతా తనే నెత్తిన వేసుకుంది. పులిహోరకు తాలింపు పెట్టింది, బొబ్బట్లకు పూర్ణం కలిపింది, గారెలు వేసింది, కొసరి కొసరి అందరికీ వడ్డించింది. "పిన్నీ, ఇంకొకటి వేసుకో, నా కోసం వేసుకో" అని వెంటబడి తినిపించేది. తను మాత్రం చివర్లో కూర్చుని, ఒక్క ఇడ్లీని చెంచాతో గోరంత ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకు అంటిన చట్నీని కంచం అంచుకు రాసి, ముక్కకూ ముక్కకూ మధ్య గుక్కెడు నీళ్ళు తాగుతూ, ముప్పావు గంట కూర్చునేది. రాత్రి పడుకునే ముందు ఫోనులో వంటల వీడియోలు ఒకదాని తరువాత ఒకటి చూసేది. ఇంత ఇష్టంగా వండే పిల్లకు తిండి మీద విరక్తి ఏమిటని ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

దానికి అర్థం నాకు ఆ తరువాత, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జరిగిన ఒక ప్రయోగం గురించి చదివినప్పుడు దొరికింది. యుద్ధంలో ఆయుధం పట్టబోమని మనస్సాక్షి కారణంగా నిరాకరించిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు, కరువు పాలైన ప్రజలకు మళ్ళీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడానికి తమ శరీరాలను అప్పగించారు. ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడి పర్యవేక్షణలో 1945లో ఆరు నెలల పాటు వాళ్ళకు సగం కడుపుకే తిండి పెట్టారు, వాళ్ళు తమ బరువులో దాదాపు నాలుగో వంతు కోల్పోయారు. వాళ్ళలో ఎవరికీ అంతకు ముందు తిండితో ఏ చిక్కూ లేదు, సన్నబడాలన్న కోరిక అసలే లేదు. అయినా వాళ్ళు వంటల పుస్తకాలు పోగు చేయడం మొదలుపెట్టారు. కొద్దిపాటి భోజనాన్ని గంటల తరబడి సాగదీశారు, కంచంలోని తిండితో వింత వింత కలయికలు చేశారు. ఎండాకాలంలో చలి అన్నారు, స్నేహితులకు దూరమయ్యారు, చిన్న మాటకే విరుచుకుపడ్డారు, దిగులులో కూరుకుపోయారు. మళ్ళీ తిండి పెట్టడం మొదలయ్యాక కొందరికి ఎంత తిన్నా ఆకలి తీరలేదు.

ఈ ప్రయోగం గురించి తెలుగువాళ్ళందరికీ తెలియాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. మా పిల్ల ఫ్యాన్ ఆపమనడం, బొబ్బట్లు అందరికీ పంచడం, ముప్పావు గంట ఇడ్లీ తినడం, అమ్మ మీద అరవడం ఆమె మొండితనం కాదని, ఆకలితో ఎండిపోయిన మెదడు ఎవరి చేతనైనా అవే పనులు చేయిస్తుందని ఆ 36 మంది నిరూపించారు. ఆకలి పెరిగేకొద్దీ ఆలోచన తిండి చుట్టూ బిగుసుకుంటుంది, ఆ ఆలోచన చూసి భయపడిన రోగి తిండిని ఇంకా తగ్గిస్తుంది. అందువల్ల ముందు కౌన్సెలింగ్ ఇప్పించి, మనసు కుదుటపడ్డాక తిండి సంగతి చూద్దామనుకోవడం తలకిందుల వరస. శరీరానికి తిండి అందితే గాని ఆ మనసు మాట వినే స్థితికి రాదు.

కడుపు ఉబ్బరం మాట కూడా ఇక్కడే వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో ఈ జబ్బు ఎక్కువగా దాక్కునే చోటు అదే. లావైపోతానని భయంగా ఉందని చెప్పే రోగినే సినిమాల్లో, వ్యాసాల్లో చూస్తాం. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు తన సహచరులతో కలిసి 70 మంది చైనీయ రోగులను పరిశీలించి 1993లో ప్రచురించిన వ్యాసంలో, వారిలో సగానికి పైగా ఆ భయం మాటే ఎత్తలేదని రాశారు. వాళ్ళు కడుపు నిండిపోయిందన్నారు, ఆకలి లేదన్నారు, తినబుద్ధి కావడం లేదన్నారు. మన పిల్లలూ తరచుగా ఈ మాటలే చెబుతారు, పైగా వాళ్ళు అబద్ధం ఆడటం లేదు. చాలా కాలం తిండి అందని కడుపు తిన్నదాన్ని కిందికి పంపడంలో మందగిస్తుంది, రెండు ముద్దలకే నిజంగా ఉబ్బుతుంది. దాంతో ఇంట్లోవాళ్ళు దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు, తరువాత గ్యాస్ట్రిక్ డాక్టర్ల చుట్టూ తిరుగుతారు.

మా అక్క వాళ్ళూ అలాగే తిరిగారు. థైరాయిడ్ పరీక్ష చేశారు, టీబీ పరీక్ష చేశారు, ఎండోస్కోపీ చేశారు. అన్నీ బాగానే ఉన్నాయని, పిల్ల బాగా తినాలని చెప్పి, ఒక పెద్ద ఆసుపత్రిలో ఆకలి పుట్టించే సిరప్ రాసి పంపారు. నెలసరి ఆగిపోయి నెలలు గడిచిన సంగతి అక్క చెబితే, చదువు ఒత్తిడి అన్నారు. చివరికి మరో చోట ఒక యువ వైద్యురాలు ఆమెను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి నాడి చూసి, ముంజేతుల మీద మొలిచిన నూగును గమనించి, అక్కను కాసేపు బయట కూర్చోమని, పిల్లతో ఒంటరిగా మాట్లాడింది. వెంటనే ఈసీజీ తీయించింది, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ చూడమంది. ఖరీదైన యంత్రాలు చెప్పలేని సంగతిని ఆ అరగంట సంభాషణ చెప్పింది.

అటువంటి సంభాషణకు ఉపయోగపడే ఐదు ప్రశ్నలను 1999లో లండన్ వైద్యులు తయారు చేశారు. కడుపు నిండిపోయి ఇబ్బందిగా ఉందని కావాలని వాంతి చేసుకుంటున్నావా, ఎంత తింటున్నావో నీ అదుపులో లేదని బెంగపడుతున్నావా, గడిచిన మూడు నెలల్లో ఆరు కిలోలకు మించి తగ్గావా, ఇతరులు సన్నగా ఉన్నావంటున్నా నువ్వు లావుగా ఉన్నానని నమ్ముతున్నావా, తిండి ఆలోచనే నీ జీవితాన్ని ఏలుతోందని అంటావా అన్నవి ఆ ప్రశ్నలు. రెండింటికి అవునని జవాబు వస్తే లోతుగా పరీక్షించాలి. అయితే హాంకాంగ్ రోగుల వంటి వారు నాలుగో ప్రశ్నకు కాదనే అంటారు గనుక, మన డాక్టర్లు వీటితో పాటు చలి, నెలసరి, ఉబ్బరం, వంటల మీద అతి శ్రద్ధ గురించి కూడా అడగడం మంచిదని నా అభిప్రాయం.

ఉపవాసాల గురించి రాయడానికి కొంత తటపటాయించాను, ఎందుకంటే నేనూ కార్తీక సోమవారాలు ఉండే మనిషినే, వ్రతాలను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ మన ఉపవాసానికి ఒక కట్టుబాటు ఉంది. ఏకాదశి నాడు ఉపవాసం ఉన్నవారు ద్వాదశి ఘడియలు దాటకుండా పారణ చేయాలి, అంటే భోజనం చేసి ఉపవాసం విడవాలి, చేయకపోతే వ్రతఫలం దక్కదంటారు పెద్దలు. కార్తీక సోమవారం నక్షత్ర దర్శనం కాగానే భోజనం చేస్తారు. బాలింతలకు, రోగులకు, పసివాళ్ళకు మినహాయింపు ఉంది. పండుగ రోజు నలుగురితో కలిసి కూర్చుని తినడం కూడా ఆ ఆచారంలో భాగమే. జబ్బు చేయించే ఉపవాసానికి పారణ ఉండదు, ముగిసే ఘడియ వచ్చేసరికి మరో వారం మొక్కు పుట్టుకొస్తుంది. ప్రసాదం చేతిలో పెడితే కళ్ళకద్దుకుని, ఎవరూ చూడనప్పుడు కాగితంలో చుట్టి పక్కన పెడుతుంది. కాబట్టి ఎదుగుతున్న పిల్ల ఉపవాసం ఉంటానంటే ఎన్ని రోజులు, ఎందుకు అని అడగడం కన్నా, పారణ ఎలా చేస్తోందో చూడటం ముఖ్యం.

ఇది పట్నాల్లోని ధనవంతుల పిల్లలకు వచ్చే జబ్బని, పాశ్చాత్యుల జబ్బని నమ్మేవారి కోసం ఫిజీ దీవుల సంగతి చెబుతాను. నిండైన శరీరాన్ని, నలుగురితో కలిసి కడుపునిండా తినడాన్ని గౌరవించే ఆ సమాజంలోని నద్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే మానసిక వైద్యురాలు అప్పుడే అక్కడి హైస్కూలు బాలికలను కొన్ని ప్రశ్నలు అడిగి, 1998లో మళ్ళీ వెళ్ళి అదే వయసు బాలికలను అవే ప్రశ్నలు అడిగారు. తిండి విషయంలో ప్రమాద సూచనలున్నవారు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటున్నామని చెప్పినవారు మొదట ఒక్కరూ లేరు, మూడేళ్ళ తరువాత 11.3 శాతం ఉన్నారు. సావిత్రి కాలంలో నిండైన విగ్రహాన్ని అందమనుకున్న మనకు ఈ మార్పు ఎంత తేలికగా వస్తుందో వేరే చెప్పనక్కరలేదు. ఇప్పుడు టీవీ ప్రతి పిల్ల అరచేతిలోనే ఉంది.

బులీమియాను కనిపెట్టడం ఇంకా కష్టం, ఎందుకంటే మనిషి చూడటానికి మామూలు బరువుతో, నవ్వుతూ, అందరితో కలిసి తింటూ ఉంటుంది. బ్రిటన్ యువరాణి డయానాకు ఏళ్ళ తరబడి ఆ జబ్బు ఉన్నా, ప్రపంచంలో ఎంతమంది కళ్ళు ఆమె మీద ఉన్నా, 1992లో ఆమె జీవితం మీద వచ్చిన పుస్తకం బయటపెట్టేదాకా సామాన్య జనానికి ఆ సంగతి తెలియలేదు, 1995 నవంబరులో బీబీసీ ఇంటర్వ్యూలో ఆమే స్వయంగా ఆ మాట చెప్పారు. పళ్ళ పైపొర లోపలి వైపు కరిగిపోవడం, చెవుల కింద బుగ్గలు వాయడం, వేళ్ళ కణుపుల మీద గాట్లు, భోజనం కాగానే స్నానాల గదికి వెళ్ళడం వంటివి ఆనవాళ్ళు. వీటిలో మొదటిదాన్ని అందరికన్నా ముందు చూసేది పళ్ళ డాక్టరు. రక్తంలో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది, పైకి ఆరోగ్యంగా ఉన్న మనిషే అకస్మాత్తుగా కుప్పకూలవచ్చు. మగపిల్లలకూ ఈ జబ్బులు వస్తాయి. జిమ్ముల్లో కండల కోసం అన్నం మానేసి, గుడ్ల తెల్లసొనలు లెక్కపెట్టుకునే కుర్రవాడిని ఎవరూ అనుమానించరు గనుక వాళ్ళు చికిత్సకు మరీ ఆలస్యంగా వస్తారు.

అనొరెక్సియా మానసిక వ్యాధుల్లోకెల్లా ఎక్కువ ప్రాణాలు తీసేవాటిలో ఒకటి. 36 అధ్యయనాలను కలిపి 2011లో చేసిన విశ్లేషణలో, ఆ జబ్బుతో మరణించిన ప్రతి ఐదుగురిలో ఒకరు ఆత్మహత్య చేసుకున్నవారేనని తేలింది. అందుకని పిల్ల బతకాలని లేదంటే దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయకూడదు.

చికిత్స ఉంది, అది మన కుటుంబాలకు అచ్చివచ్చే పద్ధతి కూడా. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980లలో రూపుదిద్దుకున్న ఆ పద్ధతిలో, ఎవరి వల్ల జబ్బు వచ్చిందన్న విచారణ మాని, పిల్లకు మళ్ళీ తినిపించే బాధ్యతను కొంత కాలం పూర్తిగా తల్లిదండ్రుల చేతిలో పెడతారు. బరువు కోలుకున్నాక ఆ బాధ్యతను మెల్లగా పిల్లకు తిరిగి అప్పగిస్తారు. తినిపించడం మన తల్లులకు ఎవరూ నేర్పనక్కరలేదు గానీ, ఏడవకుండా, తిట్టకుండా, బేరం ఆడకుండా, కంచం ఖాళీ అయ్యేదాకా పక్కన కూర్చోవడం నేర్చుకోవాలి. మా బావ సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. ప్రతి పూటా ఒకే సమయానికి కంచం పెట్టేవారు, ఎంత వడ్డించాలో అక్క నిర్ణయించేది, పిల్ల వంటింట్లోకి రాకూడదని నియమం పెట్టారు. "ఇది మందు, తాగాల్సిందే" అన్నట్లుగా పెరుగన్నం గిన్నె ముందు పెట్టి, ఆమె అరిచినా విసిరినా మళ్ళీ పెట్టేవారు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. చాలా కాలం తిండి లేని శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణాపాయం రావచ్చు, కాబట్టి తొలి రోజులు డాక్టరు పర్యవేక్షణలోనే గడవాలి. కోలుకోవడానికి నెలలు కాదు, సంవత్సరాలు పట్టవచ్చు, మధ్యలో వెనక్కి జారడమూ ఉంటుంది.

ఎక్కడికి వెళ్ళాలో తెలియనివారు 14416కు ఫోన్ చేయవచ్చు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఈ టెలీ మానస్ ఫోన్ సేవలో తెలుగులో మాట్లాడేవారుంటారు, డబ్బు తీసుకోరు. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలల పేర్లు వినగానే ముఖం చిట్లించుకునే అలవాటు మనం మానుకోవాలి. శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ ఆరోగ్య బీమా కల్పించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది, కాబట్టి బీమా ఉన్నవారు ఆ సంగతి గట్టిగా అడగాలి.

ఏటా జూన్ 2న అనేక దేశాల్లో ఈ జబ్బుల గురించి అవగాహన దినం జరుపుతున్నారు. తెలంగాణ అవతరణ దినోత్సవమూ ఆనాడే, మన ఇంటర్ కాలేజీలూ హాస్టళ్ళూ తెరుచుకునేదీ ఆ రోజుల్లోనే. కొత్త పిల్లలు చేరే ఆ వారంలో ప్రతి హాస్టల్ మెస్ గోడ మీద పైన చెప్పిన ఐదు ప్రశ్నలు, చలి, నెలసరి, ఉబ్బరం మాట, 14416 నంబరు ఉన్న ఒక కాగితం అంటించమని నేను యాజమాన్యాలకు ఉత్తరాలు రాస్తున్నాను. మీ పిల్లల కాలేజీకి మీరూ రాయండి. ఆ కాగితం పెద్ద అక్షరాల్లో, తేలిక తెలుగులో ఉండాలి. ప్రిన్సిపాలు గదిలో కాకుండా కంచాలు కడిగే చోట ఉండాలి, ఎందుకంటే ఏ పిల్ల కంచం ఎలా తిరిగి వస్తోందో రోజూ చూసేది అక్కడ పనిచేసే ఆయమ్మలే. తాము చూసింది వార్డెనుకు చెబితే ఆ మాటకు విలువ ఉంటుందని వాళ్ళకు ముందుగానే తెలియజేయాలి.